ఇంటిలోని సొత్తు

గత వేసవిలో మా యింటికి బీమా చేయింపదలచి దరఖాస్తును ముందిడుకొని కూర్చుంటిమి. ఇరువది యేండ్లుగా బాలురకు స్థావర జంగమముల భేదమును బోధించుచున్న మాకు, మా యింటిలో ఏది యెందులోనిదో తోచక కలము నిలిచిపోయినది.

2021 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారత్ గృహరక్షా పాలసీ ఈ చిక్కును కొంత విడదీసినది. కట్టడమునకు శాశ్వతముగా అతుకబడక ఇంటి వాడుకలో నుండు మంచములు, బట్టలు, వంటపాత్రలు, ఫ్రిజ్ మొదలగునవి గృహసామగ్రి. కట్టడమునకు బీమా చేసిన మొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షల రూపాయలకు మించకుండ, పట్టిక యియ్యకయే వీనికి రక్షణ కలదు. నగలు, వెండిసామాను మాత్రము వేరుగా కోరి, విలువను ముందుగా ఒప్పుకొన్నగాని చేరవు. రొక్కము, దస్తావేజులు, వాహనములు ప్రత్యేకముగా వ్రాయించిననే తప్ప చేరవు.

మా వసారాలో తమ్ముని మిరపకాయల టిక్కీలు కోల్డు స్టోరేజికి పోవుటకు సిద్ధముగా నుండెను. అమ్మకపు సరకు ఇంటిలో నున్నంతమాత్రమున గృహసామగ్రి కానేరదు. దానికి బీమా వేరు. పడకగదిలోనే పత్తి నిలువచేయు మన నల్లరేగడి పల్లెల రైతులు ఈ సంగతి గమనింపవలయును. నిప్పంటిన ముందుగా మండునది అదియే.

పిదప నగల వరుసలో “మా నగలు” అని వ్రాసితిమి. మా గృహిణి చూచి, “అవి మీవి ఎప్పుడైనవండీ? మా అమ్మ పెట్టినవి గదా! అందులో గొలుసు ఇంటనే లేదు” అనెను.

మాకు తల వంగినది. మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు స్త్రీధనమునకు విశాలార్థము చెప్పెనని పలుమారులు పొగడితిమి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 14వ సెక్షను ప్రకారము స్త్రీ తన సొత్తునకు సంపూర్ణ హక్కుదారు అనియు నెరుగుదుము. అయినను క్రిందటి యేడు పిల్లవాని ఫీజు నిమిత్తము ఆమెను అడుగకయే ఆ గొలుసును తాకట్టు పెట్టితిమి. అడిగిన ఇచ్చియుండెడిదే, అడుగవలయునను తలంపే మాకు కలుగలేదు.

“మా” అను మాటను కొట్టివేసి ఆమె పేరు వ్రాసితిమి. చదువరులును తమ యింటి వస్తువుల పట్టిక వ్రాయునపుడు, విలువ ప్రక్కనే ‘ఎవరిది’ అని యొక గడి యుంచుకొనుట మంచిది. గొలుసు ఇంకను తాకట్టులోనే యున్నది. దానిని విడిపించి ఆమె చేతికిచ్చువరకు మా పట్టిక పూర్తి కాదు.