ఎవరు పాడుచేశారు?

ఇంట్లో వస్తువు ఏది పాడైనా మొదట వినిపించేది "ఎవరు పాడుచేశారు?" అన్న ప్రశ్నే. "ఎందుకు పాడైంది?" అన్నది చాలా ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడితే నేను, గీజరు పోతే పిల్లలు, రిమోట్ పలక్కపోతే ఆ పూట ఇంటికొచ్చిన చుట్టాలబ్బాయి. ముద్దాయి దొరికితే చాలు, విచారణ ముగిసినట్టే. మొన్నీమధ్య మా ఇంట్లో ముద్దాయి మా అబ్బాయి. పాడైన వస్తువు కంప్యూటర్లో కారు రేసులు ఆడుకునే స్టీరింగ్.

ఆటసామానే కదా అనుకోకండి. దాని ఖరీదు 28,000 రూపాయలు. ఇంటర్లో మంచి మార్కులొచ్చాయని మా అత్తగారు ఇచ్చిన డబ్బు, పండగలకి పెద్దవాళ్ళు చేతిలో పెట్టిన నోట్లు, కింది వాటాలో పిల్లలకి లెక్కలు చెప్పి సంపాదించుకున్నది, అన్నీ పోగేశాడు. తక్కువైన ఆరు వేలు మేం కలిపాం. అలా కొనుక్కున్న వస్తువు ఎనిమిది నెలలకే కరకరమనడం మొదలుపెట్టింది. తర్వాత కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ మాత్రం కుడిపక్కకి లాగేది. ఓ రాత్రి స్విచ్ వేయగానే ఒక చివరికి తిరిగి, అక్కడే బిగుసుకుపోయి ఊరుకుంది.

"పగలూ రాత్రీ పట్టుకుని ఊగితే అరగక ఏం చేస్తుంది?" అన్నారు మావారు.

"నేనేం చెయ్యలేదు నాన్నా. దానంతటదే లాగుతుంది."

"దానంతటదే లాగడానికి అదేమన్నా దయ్యమా?"

వాడు మరి మాట్లాడలేదు. నాలుగు రోజులు కంచం గదిలోకి తీసుకెళ్ళి తిన్నాడు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, చెప్పింది ఎవరూ నమ్మలేదన్న బాధ ఎక్కువ కనిపించింది నాకు. ఐదోరోజు వాడి పక్కన కూర్చుని, "అసలిది ఎలా పనిచేస్తుందో నాకు చెప్పరా" అన్నాను.

చెప్పాడు. ఆ స్టీరింగ్ లోపల మోటారు ఉంటుందట. ఆటలో కారు మలుపు తిరిగితే చక్రాల మీద పడే బరువుని మన చేతులకి తెలిసేలా అది వెనక్కి లాగుతుంది. గతుకుల్లో వణుకుతుంది. టైర్లు పట్టు తప్పితే ఒక్కసారిగా తేలికైపోతుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. స్విచ్ వేయగానే తనంతట తానే ఈ చివరనుంచి ఆ చివరకి తిరిగి, మధ్య ఎక్కడుందో చూసుకుంటుంది. మా వాడిది 900 డిగ్రీలు తిరిగే రకం, అంటే రెండున్నర చుట్లు. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్ లోపల ఉంటుంది. అది లెక్క తప్పితే మధ్య ఎక్కడో స్టీరింగుకే తెలియదు. లాగుతూనే ఉంటుంది.

మిక్సీతో, గ్రైండరుతో ఇరవై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, మిగతాది నాకు తేలిగ్గానే అర్థమైంది. మోటారు బలాన్ని కొన్ని స్టీరింగులు పళ్ళచక్రాలతో అందిస్తాయి, కొన్ని బెల్టుతో. బాగా ఖరీదైన వాటిలో ఆ రెండూ ఉండవు, మోటారు ఇరుసుకే స్టీరింగ్ బిగించేస్తారు. మావాడిది పళ్ళచక్రాల రకం. మోటారు ఒకవైపు, చేతులు ఇంకోవైపు లాగుతుంటే మధ్యలో నలిగేవి ఆ పళ్ళే. మిక్సీ జారు కింద కప్లర్ అరిగినట్టే అవీ అరుగుతాయి. పప్పు ఎక్కువసేపు రుబ్బితే గ్రైండరు వేడెక్కినట్టే ఇదీ వేడెక్కుతుంది. మరి "దానంతటదే లాగుతుంది" అని వాడన్నది అక్షరాలా నిజమేగా!

బిల్లుంది, రెండేళ్ళ వారంటీ ఉంది. కంపెనీకి మెయిల్ పెట్టాడు. వస్తువుని చూడకుండానే మూడోరోజుకి జవాబొచ్చింది. మితిమీరిన బలం వాడినందువల్ల జరిగిన నష్టం కాబట్టి వారంటీ వర్తించదట. వాళ్ళ నాన్న అన్న మాటే, కాస్త మర్యాదగా.

చదువుకున్నది బీయే తెలుగే అయినా, వాక్యంలో కర్త ఎవరో వెతకడం మాత్రం బాగా నేర్పారు మాకు. "బలం వాడారు" అంటున్నారు, ఎవరు వాడారు? వారంటీ కాగితం తీసి రెండుసార్లు చదివాను. కింద పడేస్తే, నీళ్ళు పోస్తే, విప్పి రిపేరు చేస్తే, కరెంటు హెచ్చుతగ్గులకి కాలిపోతే వర్తించదని ఉంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఇంతకు మించి పెట్టకూడదని ఎక్కడా లేదు. ఆ బలం పెంచే మీట కూడా కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. వాళ్ళు ఇచ్చిన మీట, వాళ్ళు పెట్టిన మోటారు. మరి మితి మీరింది ఎవరు?

ఇద్దరం కూర్చుని ఉత్తరం తయారుచేశాం. నేను తెలుగులో చెప్పాను, వాడు ఇంగ్లీషులో కొట్టాడు. "చాలా నిరాశ చెందాము", "మీలాంటి పెద్ద కంపెనీ" వంటివన్నీ తీసేయించాను. కొన్న తేదీ, సీరియల్ నంబరు, ఏ రోజు ఏం జరిగింది, అంతే. వేరే కంప్యూటరుకి పెట్టి, యూఎస్‌బీ మార్చి చూసినా అలాగే ఉందని, స్విచ్ వేసిన క్షణం నుంచి బిగుసుకుపోయేదాకా తీసిన వీడియో జతచేశాం. చివర ఒకటే ప్రశ్న: "వారంటీ పత్రంలో ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో దయచేసి రాయండి."

వారం గడిచినా జవాబు లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు, మన ఫిర్యాదు నమోదు చేసుకుని కంపెనీకి పంపుతారు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. సమస్య వచ్చిన రెండేళ్ళ లోపు వేయాలి. 5 లక్షల లోపు ఖరీదు చేసే వస్తువుకి ఫీజు ఉండదు. మాకు అంతదాకా పోవలసిన పని పడలేదు. పదిరోజులకి "వస్తువు పంపండి, పరిశీలిస్తాం" అని మెయిల్ వచ్చింది. పంపిన మూడోవారం కొత్త పెట్టె గుమ్మంలో ఉంది. ఏ నిబంధనో మాత్రం ఈనాటికీ చెప్పలేదు!

కొత్తది బిగించిన ఆదివారం మావారు గదిలోకి తొంగిచూశారు. "నేనోసారి పట్టుకోనా?" అన్నారు. "బొటనవేళ్ళు లోపల పెట్టకండి నాన్నా, గుద్దితే తిరిగి కొడుతుంది" అన్నాడు వాడు. రెండో మలుపులోనే ఆయన కారు గోడకి కొట్టింది. స్టీరింగ్ చేతుల్లోంచి గిర్రున తిరిగిపోయింది. "ఓరి నాయనో, ఇంత బలముందా దీనికి!" అన్నారు చెయ్యి విదిలించుకుంటూ. క్షమాపణలూ అవీ మా ఇంట్లో పెద్దగా అలవాటు లేదు. కానీ ఆ రాత్రి కంచం మళ్ళీ హాల్లోకి వచ్చింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి స్టీరింగ్ ఉంటే మావాడు పాటిస్తున్నవి చెబుతాను. బలం మీట చివరిదాకా తోయడు. తిన్నటి రోడ్డు మీద వేగంగా పోతూ చేతులు వదలడు, వదిలితే అది అటూ ఇటూ కొట్టుకుని పళ్ళు దెబ్బతింటాయట. గంటకోసారి ఆపి చల్లారనిస్తాడు. స్విచ్ వేసినప్పుడు అది తిరుగుతుంటే పట్టుకుని ఆపడు. ఏం జరిగినా స్క్రూ మాత్రం విప్పడు.

కొనేవాళ్ళకి ఇంకో మాట. విదేశాల నుంచి తెప్పించినవి చవగ్గా దొరుకుతాయి కానీ, వాటికి ఇక్కడ వారంటీ ఉందో లేదో ముందే అడగండి. బదులు ఇచ్చిన దానికి మా కాగితం ప్రకారం కొత్తగా రెండేళ్ళు రావు, పాతదానిలో మిగిలిన నెలలే. కొత్త సీరియల్ నంబరు రాసి పెట్టుకోవాలి. బిల్లు ఫోటో తీసుకోండి, ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు ఏడాది తిరక్కుండానే మాయమవుతాయి.

పిల్లలు "నేను చెయ్యలేదు" అన్నప్పుడు, వస్తువుని కూడా ఒక్కసారి అడిగి చూడండి.