ఎవరి పేరునుంది?

నిరుడు సంక్రాంతికి డాలస్ నుంచి రావికమతం వెళ్లినప్పుడు మా చిన్నాన్న కూతురు ఒక స్టాంపు కాగితం నా చేతిలో పెట్టింది. "సంతకం ఎట్టమంటన్నారు. ఓపాలి సూడన్నియ్యా" అంది.

పద్నాలుగేళ్ల కాపురం అంతకు ముందే విడిపోయింది. పెద్దమనుషులు కూర్చుని తగువు తీర్చారు. ఆమెకు కొంత రొక్కం, మిగిలిన నాలుగు తులాల బంగారం ఇస్తారు. ఇకపై ఆస్తిలో తనకు ఏ హక్కూ లేదని ఆమె రాసివ్వాలి.

కల్యాణపులోవ వెళ్లే దారిలో వాళ్లకు ముప్పై సెంట్ల జీడితోట ఉంది. పాలు పోసి కూడబెట్టిన డబ్బుకు పుట్టింటి గొలుసు తాకట్టు పెట్టిన డబ్బు కలిపి ఆమె కొనిపించిన తోట అది. రిజిస్ట్రేషన్ మాత్రం భర్త పేరున జరిగింది. "ఎవరి పేరునుంది?" అని పెద్దలు అడిగారు. ఆ ఒక్క మాటతో తోట ఆమె చేయి దాటిపోయింది.

నేనుండే టెక్సాస్‌లో ముందు అడిగేది పేరు కాదు, ఎప్పుడు కొన్నారని. పెళ్లయ్యాక సంపాదించింది ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీ అనుకునే లెక్క మొదలుపెడతారు. కాదు, నా ఒక్కరిదే అనేవారు గట్టి రుజువు చూపాలి. కానుకగానో వారసత్వంగానో వచ్చింది ఎవరిది వాళ్లకే. మిగిలినదాన్ని కోర్టు తనకు న్యాయమనిపించిన పాళ్లలో పంచుతుంది.

మన దేశంలో గోవా వంటి చోట్లను పక్కన పెడితే అలాంటి ఏర్పాటు లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్, పెళ్లి సందర్భంగా వచ్చి ఇద్దరికీ ఉమ్మడిగా చెందే ఆస్తి దగ్గరే ఆగిపోతుంది. 25వ సెక్షన్ కింద మనోవర్తి అడగవచ్చు. అక్కడ భర్త ఆస్తిని లెక్కలోకి తీసుకుంటారు తప్ప భార్యకు వాటా పంచరు. భర్త స్థిరాస్తిలో భార్యకు భాగం ఇప్పించే బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ ఆమోదం దక్కక 2014లో అది మురిగిపోయింది. ఇన్నేళ్లు గడిచినా దాన్ని మళ్లీ పైకి తేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అలాగని ఆడపిల్ల వట్టి చేతులతో వెళ్లాల్సిన పనిలేదు. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని, భర్త దగ్గరున్నా అది ఆమె అప్పగించిన సొత్తేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా చెల్లి గొలుసు సంగతి పంచాయితీలో ఎవరూ ఎత్తలేదు. చట్టం దగ్గర మాత్రం దానికి విలువ ఉంది.

ఇది చెప్పేవాళ్లు కావాలి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా న్యాయసహాయం అందుతుంది. 15100కు ఫోను చేస్తే దారి చూపిస్తారు. మేం చోడవరం కోర్టుకు వెళ్లాం. అక్కడి వకీలు ఆ కాగితం చదివి, సంతకం పెట్టొద్దని చెప్పి, "రుజువులేమున్నాయమ్మా?" అని అడిగారు. చెల్లి ట్రంకుపెట్టె అడుగు నుంచి పాలకేంద్రం పుస్తకాలూ తాకట్టు రసీదూ తీసింది. భర్త పేరున ఉన్న తోటలో వాటా తేలడం తేలిక కాదని వకీలు దాచకుండా చెప్పారు. గొలుసునూ మనోవర్తినీ మాత్రం వదులుకోవద్దన్నారు.

అమెరికాలో ఉన్న మనకూ ఇందులో పాఠం ఉంది. తిరుపతిలో పెళ్లాడిన ఒక తెలుగాయన మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, ఆ డిక్రీ మన దేశంలో చెల్లదని 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సముద్రం అవతల తెచ్చుకున్న కాగితంతో ఊళ్లో సంగతులు వాటంతటవే తెగిపోవు. అక్కడ ఒక వకీలు, ఇక్కడ ఒక వకీలు ఉండాల్సిందే. అనకాపల్లిలోనో విశాఖలోనో ఇంటిస్థలం కొనడానికి డబ్బు పంపినప్పుడు, దస్తావేజు మీద ఆలుమగలిద్దరి పేర్లూ రాయించండి. కాపురం చల్లగా ఉన్న రోజుల్లోనే ఆ పని సులువు.

చెల్లి ఇంకా సంతకం పెట్టలేదు. మొన్న ఫోనులో, ఇప్పుడు పోస్తున్న పాల డబ్బులు తన పేరున తెరిచిన ఖాతాలో పడుతున్నాయని చెప్పింది.