చత్వారం

మా బాల్యం ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో గడిచింది. రైలు కొలువుకై ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన అనేక తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. నాన్నగారు ఫిట్టరు. నలభై దాటిన పిమ్మట వారు పత్రికను చేయి చాచి పట్టుకొని చదువుతుంటే మేము నవ్వేవారము. అమ్మగారు దానిని "చత్వారం" అనేవారు; పొరుగింటి బెంగాలీ పెద్దాయన "చాల్‌శే" అనేవారు. రెండు మాటలలోనూ దాగి ఉన్నది నలభై అన్న సంఖ్యేనని మాకు చాలాకాలానికి గాని తెలియలేదు. తోటివారు పనితనం తగ్గిందనుకొంటారేమోనని నాన్నగారు కళ్ళజోడును ఇల్లు దాటనిచ్చేవారు కారు.

ఆ బెరుకే మాకూ సంక్రమించింది. నలభై ఏడవ ఏట, ఒక సాయంత్రం మసక వెలుతురులో డ్రాయింగు చూసి, షాఫ్టు వ్యాసం 43 మిల్లీమీటర్లని చెప్పి కోత మొదలుపెట్టమన్నాము. "సార్, అది నలభై ఎనిమిదండీ" అన్నాడు ప్రక్కనున్న అప్రెంటిసు కుర్రవాడు. షాఫ్టు దక్కింది. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

దగ్గరి వస్తువును చూడటానికి కంటిలోని కటకం ఉబ్బాలి. అది జీవితాంతం పొరలుగా పెరుగుతూ, గట్టిపడుతూ ఉంటుంది. పదేళ్ళ పిల్లవాడు 7, 8 సెంటీమీటర్ల దూరంలోని అక్షరాన్ని స్పష్టంగా చూడగలడు. అరవై ఏళ్ళకు ఆ దూరం సుమారు మీటరవుతుంది. కనుపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటి రెటీనాకు చేరే వెలుతురు దాదాపు మూడవ వంతే. యౌవనంలో కార్నియా దోషాన్ని కటకం చాలావరకు సరిదిద్దుతుంది; వయసుతో ఆ పొందిక సడలి, రాత్రివేళ దీపాలు చెదిరినట్లు కనిపిస్తాయి. మంచి వెలుతురులో కనుపాప మరింత ముడుచుకొని చూపు తేటపడుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి అమ్మగారు వాకిట్లోకి ఎందుకు వచ్చేవారో అప్పుడు బోధపడింది.

యంత్రానికి అరుగుదల సహజమని రోజూ చెప్పే మేము కంటి విషయంలో ఆ మాట మరిచాము.

ఆ తరువాత ఒకసారి ఖరగ్‌పూర్ వెళ్ళాము. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందిన ఆ 1072 మీటర్ల ప్లాట్‌ఫారంపై దూరాన సిగ్నలు చక్కగా కనిపించింది. చేతిలోని టిక్కెట్టు మీది సీటు నంబరు కనిపించలేదు. జేబులోని కళ్ళజోడు తీసి, పదిమందిలోనే పెట్టుకొన్నాము. నాన్నగారు నేడు లేరు. నాటి మా నవ్వుకు క్షమాపణ చెప్పుకొనే అవకాశమూ లేదు.

నలభై దాటిన సోదర ఉద్యోగులూ, ఇంటనున్న ఇల్లాండ్రూ కంటి పరీక్షను వాయిదా వేయవద్దని మా మనవి.