కుర్చీలు విరగ్గొట్టింది ఫుట్‌బాలేనా?



పోయిన నెల మన హాల్లో జరిగిన గొడవ ఈపాటికి అందరికీ తెలిసిందే. మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ మ్యాచ్ పెద్ద తెర మీద వేయమని పిల్లలు అడిగితే, హాలు చూసుకునే ముగ్గురం మేమే సరే అన్నాం. ప్రొజెక్టర్ బిగించింది మేమే, తాళాలు ఉన్నది కూడా మా దగ్గరే. చివరి పావుగంటలో రెఫరీ ఇచ్చిన ఒక పెనాల్టీ దగ్గర మాటా మాటా పెరిగింది. ఆరు కుర్చీలు విరిగాయి. ఒక పిల్లాడికి కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. కొట్టినవాడూ, దెబ్బ తిన్నవాడూ ఒకే చాల్‌లో పెరిగి, ఒకే బడికి పోయి, ఒకే ఏడాది పదో తరగతి పాసైనవాళ్ళు. ఇద్దరిలో ఎవరూ ఇంగ్లండ్ మొహం చూసింది లేదు.

వచ్చే ఆదివారం కార్యవర్గం ముందుకు ఒక తీర్మానం వస్తోంది. ఇకమీదట హాల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు వేయకూడదని. తీర్మానం పెట్టిన కాక మనందరికీ పెద్దదిక్కు. ఆయన చాలా ఏళ్ళు బాంబే జింఖానా పక్కనే ఒక ఆఫీసులో పనిచేశారు. సాయంత్రం డ్యూటీ దిగాక కాసేపు బయట నిలబడి రగ్బీ చూసేవారట. "అంత మోటు ఆట! ఒకడి మీద ఒకడు పడి బురదలో దొర్లుతారు. చూసేవాళ్ళు మాత్రం పక్కపక్కన నిలబడి చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. ఫుట్‌బాల్ వాళ్ళకే ఈ రోగం" అన్నారు కాక. ఆ మాటకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. మూడు వారాలు దీని గురించి చదివి, మాలో మేం వాదించుకుని, తేలింది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు కాక చెప్పినదాంట్లో నిజం ఎంతో చూద్దాం. చాలానే ఉంది. లండన్‌లో ట్వికెన్‌హమ్ రగ్బీ మైదానంలో 82,000 మంది పడతారు. ఇంగ్లండ్, వేల్స్ ఆడుతుంటే రెండు జట్ల వాళ్ళూ కలిసే కూర్చుంటారు, చేతిలో బీరు గ్లాసుతో సహా. అదే దేశంలో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌కు పోతే బయటి ఊరి వాళ్ళకు వేరే గేటు, వేరే గ్యాలరీ, మధ్యలో పోలీసులు. మైదానం కనిపించే చోట కూర్చుని మందు తాగకూడదని 1985లో చట్టమే చేశారు. ఆట లోపల కూడా తేడా ఉంది. రగ్బీలో రెఫరీతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే. తక్కినవాళ్ళు నోరు జారితే పది మీటర్లు వెనక్కి పంపిస్తారు. ఫుట్‌బాల్‌లో ఆరుగురు కలిసి రెఫరీ మీదికి పోవడం మనం ప్రతి వారం చూస్తూనే ఉన్నాం. మైదానంలో వాళ్ళు చేసింది గ్యాలరీలో వీళ్ళు నేర్చుకోకుండా ఎలా ఉంటారు?

మరి ఎందుకీ తేడా? మొదట మాకు తోచిన జవాబు కలిగినవాళ్ళు, లేనివాళ్ళు అన్నది. ఇంగ్లండ్‌లో రగ్బీ పెద్దింటి పిల్లల బడుల్లో పుట్టింది, ఫుట్‌బాల్ కూలీనాలీ జనం ఆట అయింది, అందుకే అక్కడ మర్యాద, ఇక్కడ మోటుతనం అంటారు చాలామంది. మిల్లు కార్మికుల మనవలం మనం. ఈ లెక్క మనకు మింగుడు పడేది కాదు. అయినా నిజమైతే ఒప్పుకోవాలి కదా అనుకున్నాం.

అది నిజం కాదని రగ్బీ చరిత్రే చెబుతోంది. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాదిన మిల్లుల ఊళ్ళు, బొగ్గు గనుల ఊళ్ళ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో కూర్చుని పెద్దల రగ్బీ నుంచి విడిపోయాయి. కారణం కూలి. శనివారం ఆడాలంటే షిఫ్టు పోతుంది, పోయిన కూలి ఇప్పించండి అని ఆటగాళ్ళు అడిగారు, పైవాళ్ళు కుదరదన్నారు. అలా పుట్టిందే రగ్బీ లీగ్ అనే రెండో రకం. విగన్, సెంట్ హెలెన్స్ లాంటి పక్కపక్క ఊళ్ళ మధ్య అక్కడ తరాలుగా పోటీ నడుస్తోంది. చూసేవాళ్ళు అచ్చంగా మన తాతల్లాంటి వాళ్ళు. అయినా అక్కడ జనం చాలావరకు కలిసే చూస్తారు. కాబట్టి లేనివాళ్ళ ఆట గనుక గొడవ అన్న మాట నిలబడదు.

ఇంకో మాట కూడా వింటుంటాం. రగ్బీలో కసి అంతా మైదానంలోనే తీరిపోతుంది, అందుకే బయట శాంతం అని. దీనికి జవాబు ఫ్రాన్స్‌లో దొరికింది. 1913 జనవరి 1న పారిస్‌లో స్కాట్లండ్‌తో మ్యాచ్ ఓడిపోగానే జనం రెఫరీ మీద పడ్డారు. 1924 ఒలింపిక్స్‌లో రగ్బీ ఫైనల్లో అమెరికా 17-3తో ఫ్రాన్స్‌ను ఓడించింది. ఆ రోజు గ్యాలరీలో అమెరికా వాళ్ళను కొట్టారు, ఆట అయ్యాక జనం మైదానంలోకి ఉరికారు. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో ఊరికీ ఊరికీ మధ్య క్లబ్ ఛాంపియన్‌షిప్ కోసం పంతాలు ముదిరిపోయాయి. ఆటగాళ్ళకు చాటుగా డబ్బులు ఇవ్వడం, ఈ కొట్లాటలు చూసి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ 1931లో ఫ్రాన్స్‌తో ఆడటమే మానేశాయి. ఫ్రాన్స్ మళ్ళీ వాళ్ళతో టోర్నమెంటులో ఆడింది 1947లో.

చూశారా, ఆట అదే, బంతి అదే. ఊరి పరువు ఆట మీదికి ఎక్కేసరికి రగ్బీ జనం కూడా మన పిల్లల్లాగే ప్రవర్తించారు.

ఇక్కడ మాకు ఒక దారి దొరికింది. రగ్బీలో ఎక్కువ జనం వచ్చేది దేశాల మధ్య మ్యాచ్‌లకు. అవి ఏడాదికి కొన్నే. వేల్స్ వాళ్ళను మీరు సోమవారం పొద్దున ఆఫీసులో చూడనక్కర్లేదు. ఫుట్‌బాల్ అట్లా కాదు. వారం వారం, క్లబ్ మీద క్లబ్, తరచుగా ఒకే ఊళ్ళో రెండు. మన గల్లీలో రెండు గణపతి మండపాలు ఉన్నప్పుడు ఏం జరుగుతుందో మనకు తెలియదా? లాల్‌బాగ్ గణపతితో మనకు ఏ పోటీ లేదు, దణ్ణం పెట్టుకుని వస్తాం. పోటీ అంతా ఎదురు మండపంతోనే. వాళ్ళ లైటింగ్‌తో, వాళ్ళ డీజేతో.

పైగా ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. ఒక్క పెనాల్టీతో మ్యాచ్ అటుదిటు అవుతుంది. రగ్బీలో ఒక తప్పు నిర్ణయం జరిగినా మళ్ళీ పాయింట్లు కొట్టి సరిచేసుకునే వీలు ఎక్కువ. ఫుట్‌బాల్‌లో అన్యాయం జరిగిందన్న బాధ అలాగే మిగిలి, ఇంటి దాకా వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ముందే ఉన్న పగకు క్లబ్ ఒక జెండా అవుతుంది. గ్లాస్గోలో సెల్టిక్ అంటే ఐరిష్ క్యాథలిక్కుల క్లబ్, రేంజర్స్ అంటే ప్రొటెస్టెంట్ల క్లబ్. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. దేశ విభజన తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళకు ఆ పేరే ఊరైంది. ఇది తప్పని మేం అనం. సొంత ఊరు వదిలి వచ్చినవాడికి ఒక జట్టు ఎంత ఆసరానో మన ఇళ్ళల్లోనే విన్నాం. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ బొంబాయికి వచ్చి రోవర్స్ కప్ గెలుచుకుపోయింది. వాళ్ళ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ మర్నాడు మిల్లులో మా నడక వేరేగా ఉండేదని మన పెద్దలు చెప్పేవాళ్ళు. అభిమానం అంటే అదే. తలెత్తుకోవడానికి అది కావాలి. కానీ ఆ తలెత్తుకోవడం ఎదుటివాడి తల దించడంగా ఎప్పుడు మారుతుందన్నదే ప్రశ్న.

ఇంగ్లండ్‌లో అది ఎంత దూరం పోయిందో చూడండి. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ మైదానంలో లివర్‌పూల్ అభిమానులు యువెంటస్ వాళ్ళ మీదికి ఉరికారు. తప్పించుకోబోయినవాళ్ళ మీద గోడ కూలింది. 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటలీ వాళ్ళు. ఇంగ్లండ్ క్లబ్బులను ఐదేళ్ళు యూరప్ పోటీల నుంచి వెలివేశారు. అది అభిమానుల తప్పే, దాచాల్సింది ఏమీ లేదు.

అయితే అప్పటికే ఫుట్‌బాల్ జనం అంటే పశువులే అన్న ముద్ర పడిపోయింది. మైదానాల్లో ఇనప కంచెలు కట్టి జనాన్ని దొడ్లో తోలినట్టు తోలేవాళ్ళు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో పోలీసులు ఒక గేటు తెరిచి, అప్పటికే కిక్కిరిసిన కంచెల్లోకి ఇంకా జనాన్ని పోనిచ్చారు. ముందున్నవాళ్ళకు తప్పించుకునే దారి లేదు. మొత్తం 97 మంది ప్రాణాలు పోయాయి, వాళ్ళల్లో పదేళ్ళ పిల్లవాడు కూడా ఉన్నాడు. తాగిన జనం వల్లే ఇదంతా అని మొదట చెప్పారు. ఆ మాట అబద్ధమని, అభిమానుల తప్పు లేదని 2016లో జ్యూరీ తేల్చేసరికి 27 ఏళ్ళు పట్టింది. ఆ కంచెలు తర్వాత తీసేశారు.

మాకు ఇది చదివినప్పుడు నోట మాట రాలేదు. అభిమానులు కొట్టుకుంటే కొందరు చచ్చిపోయారు. అభిమానులు కొట్టుకునేవాళ్ళే అని ముందే తీర్మానించుకుంటే ఇంకా ఎక్కువమంది చచ్చిపోయారు. 'మద్రాసీలంతా ఒకటే' అన్న మాట ఈ నగరంలో మన పెద్దలు ఎన్నిసార్లు పడ్డారో గుర్తు తెచ్చుకోండి. ఒక గుంపు మొత్తానికి ఒకే ముద్ర వేయడం ఎంత తేలికో మనకు ఒకరు చెప్పాలా?

కాక కోసం ఒక చిన్న కథ. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటేటా ఆడే రగ్బీ మ్యాచ్‌లో గెలిచినవాళ్ళకు ఇచ్చేది కలకత్తా కప్. కలకత్తాలో తెల్లవాళ్ళు పెట్టుకున్న రగ్బీ క్లబ్ 1878లో మూతపడినప్పుడు, బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీసి కరిగించి చేయించిన కప్పు అది. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. మన రూపాయలు రగ్బీకి పోయాయి, కలకత్తా మాత్రం ఫుట్‌బాల్‌ను పెట్టుకుంది. ఆ కలకత్తాలోనే 1980 ఆగస్టు 16న మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గ్యాలరీలో గొడవ జరిగి 16 మంది చనిపోయారు. మళ్ళీ ఆ కలకత్తాలోనే 2024 ఆగస్టు 18న, ఆస్పత్రిలో హత్యకు గురైన డాక్టరమ్మకు న్యాయం కావాలని ఆ రెండు క్లబ్బుల వాళ్ళు, మొహమ్మదన్ స్పోర్టింగ్ వాళ్ళు కూడా, సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒక్కటిగా నిలబడ్డారు. ఆ రోజు జరగాల్సిన డెర్బీ రద్దయింది. అయినా వచ్చారు. పోలీసుల లాఠీలు కలిసే తిన్నారు. నూరేళ్ళ పగ ఒక్క సాయంత్రం పక్కన పెట్టగలిగారంటే, అది రక్తంలో ఉన్నది కాదన్నమాట.

ఇక మన హాలుకు వద్దాం. ఇది రాయడానికి మాకు చాలా ఇబ్బందిగా ఉంది.

ఆ రాత్రి పెనాల్టీ దగ్గర పిల్లలు అనుకున్న మొదటి నాలుగు మాటలే ఫుట్‌బాల్ గురించి. ఐదో మాట "మీ బాపు ఎలక్షన్‌లో ఏం చేసిండో మాకు తెల్వదా" అని. మేం తలుపు దగ్గరే ఉన్నాం, మా చెవులతో విన్నాం. రెండేళ్ళ కింద సంఘం ఎన్నికల్లో రెండు ప్యానెళ్ళుగా చీలిపోయాం కదా. ఆ ఇద్దరి ఇళ్ళూ చెరో వైపు. ఆ రాత్రి ఎర్ర చొక్కాలు రెండు పక్కలా ఉన్నాయి, ఎందుకంటే ఆ రెండు క్లబ్బుల రంగూ ఎరుపే. చొక్కా చూసి ఎవరు ఎటో చెప్పలేం. కానీ ఎవరు ఏ పక్క కుర్చీలో కూర్చున్నారో చూస్తే ఎవరి ప్యానెలో చెప్పేయొచ్చు.

ఆ కుర్చీలు వేసింది మేమే. మధ్యలో దారి వదిలి, అటు సగం, ఇటు సగం. రెండేళ్ళుగా అట్లాగే వేస్తున్నాం. ఉగాది భోజనాలకు అంతే, బతుకమ్మకు వచ్చిన ఆడవాళ్ళకూ అంతే. ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది. మా ముగ్గురిలో ఇద్దరం ఒక ప్యానెల్, ఒకరం రెండోది. పిల్లలు లివర్‌పూల్ నుంచి నేర్చుకున్నది పాటలు, జెండాలు. ఎదుటివాడి పక్కన కూర్చోకూడదన్నది మాత్రం మన దగ్గరే నేర్చుకున్నారు.

అందుకని కాకకు, కార్యవర్గానికి మా మనవి ఇది. మ్యాచ్‌లు ఆపితే తెర ఆగుతుంది, గొడవ మాత్రం ఉగాది పంక్తిలో లేస్తుంది. తీర్మానం బదులు ఒక ఏడాది మాకు ఇవ్వండి. విరిగిన ఆరు కుర్చీల డబ్బు మేం ముగ్గురం కడతాం, తాళాలు మా దగ్గర ఉన్నాయి కాబట్టి. వచ్చే మ్యాచ్‌కు హాలు సర్దేది ఆ ఇద్దరు పిల్లలే. ఇద్దరినీ అడిగాం. ఒకడు సరే అన్నాడు. కుట్లు పడినవాడు ఇంకా ఏమీ అనలేదు. వాడిని తొందరపెట్టం.

ఆదివారం పొద్దున పది గంటలకు సమావేశం. అందరూ రండి. కుర్చీలు మేం వేస్తాం, ఈసారి మధ్యలో దారి వదలకుండా.