హాంకాంగు నగరమున మనిషికొక కార్డు

పరదేశమునకు పోవు ఇల్లాలికి భాషకంటె ముందుగా అడ్డుపడునది చిల్లర. ఏ నాణెము విలువ యెంతయో తెలియదు. హాంకాంగు బస్సులలో మిగులు చిల్లర తిరిగి ఈయరు. వెనుక నిలిచినవారు తొందరపడుచుందురు. అందుచేత బండి యెక్కిన ప్రతిసారియు మగవారి జేబు వంక చూచుట మనకు అలవాటగును. 2024వ సంవత్సరము డిసెంబరు మాసమున మేము ఆ నగరమునకు పోయినపుడు ఈ చిక్కు ఎట్లు తీరినదో సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా వెంట అత్తగారును, ఎనిమిదేండ్ల పిల్లవాడును ఉండిరి. రైలుస్టేషనులో మావారు కుటుంబమునకంతకు ఒక కార్డు చాలునని తలచిరి. కిటికీలోని యువతి తల త్రిప్పి, మనిషికొకటి ఉండవలెనని వ్రేళ్లతో చూపెను. ఎక్కిన స్టేషను ఏదో కార్డుమీదనే నమోదగును గనుక, ఒక కార్డుతో ఇద్దరు పోవుటకు వీలులేదు. 3 మొదలు 11 ఏండ్ల పిల్లలకు తక్కువ ఛార్జీ కార్డు వేరుగా కలదు. పెద్దల కార్డునకు 50 హాంకాంగు డాలరులు ధరావతు కట్టి, పైని ప్రయాణమునకు సొమ్ము నింపించుకొంటిమి. నాలుగు కార్డులకు ధరావతులా యని మావారు కొంచెము సణిగిరి.

ఈ కార్డు పేరు ఆక్టోపస్, అనగా ఎనిమిది చేతుల సముద్రజంతువు. 1997 సెప్టెంబరు 1వ తేదీన ఇది వాడుకలోనికి వచ్చెను. చీనా భాషలో దీని పేరునకు ఎనిమిది వైపులకును చేర్చునది అని భావము. మన అష్టదిక్కులే గదా యని అత్తగారు మురిసిరి.

దీనిలో బ్యాటరీ లేదు. గేటుమీది యంత్రము రేడియో తరంగములను వెదజల్లుచుండును. కార్డులో చుట్టలుగా నమర్చిన సన్నని తీగ వానినుండియే విద్యుత్తును గ్రహించి, లోపలి చిప్పును మేల్కొలుపును. యంత్రమును చిప్పును రహస్య సంకేతములతో ఒకదానినొకటి గుర్తించుకొనును. ఛార్జీ పోగా మిగిలిన మొత్తము కార్డులో వ్రాయబడును. ఇదంతయు రెప్పపాటు పని. కార్డును సంచిలోనుండి తీయకయే, సంచిని యంత్రమునకు తాకించినను చాలును. అయితే ఇటువంటి కార్డులు రెండు ప్రక్కప్రక్కన ఉంచరాదు; యంత్రము తికమకపడును. హైదరాబాదు మెట్రోలో తిరిగిన సోదరీమణులకు ఈ తాకించుట క్రొత్త గాదు. హాంకాంగులోనైతే రైలులోను, బస్సులోను, పడవలోను, అంగడిలోను ఈ కార్డొక్కటే చెల్లును.

మూడవనాటి సాయంకాలము అడ్మిరాల్టీ స్టేషనులో జనము క్రిక్కిరిసియుండిరి. అత్తగారు రైలెక్కిరి, మేము ఎక్కబోవునంతలో తలుపులు మూసికొనెను. అద్దము వెనుక వారి ముఖము కదలిపోవుట చూచి మా గుండె ఝల్లుమనెను. వారికి ఇంగ్లీషు రాదు. వారి ఫోనుకు ఆ దేశపు సిమ్ము లేదు. పైగా వారి కార్డులో మిగిలినది అయిదారు డాలరులే యని మాకప్పుడు జ్ఞాపకము వచ్చెను. ప్రొద్దుననే నింపింపవలసినది, రేపు చూతమని ఏమరితిమి. తప్పు మాదే.

తరువాతి స్టేషను సముద్రపుపాయ ఆవలిగట్టున చిమ్ షా చూయి. మా బస అక్కడనే. వెనుక రైలులో మేము దిగి పరుగెత్తితిమి. గేటునకు ఆవల గోడప్రక్కన అత్తగారు సంచి పట్టుకొని నిలిచియుండిరి. “ప్లాట్‌ఫారముమీద జనము త్రోయుచున్నారు. కార్డు తాకించితిని, దారి యిచ్చినది. ఇక్కడ నిలిచిన మీరే వత్తురనుకొంటిని” అని నిబ్బరముగా పలికిరి.

అయిదారు డాలరులతో గేటు ఎట్లు తెరిచెను? లోనికి పోవునపుడు కార్డులో కొంచెమైనను సొమ్మున్నచో, బయటికి వచ్చునపుడు చాలకున్నను యంత్రము ఆపదు. తరుగును అప్పుగా వ్రాసికొనును. 2017 అక్టోబరు మొదలు జారియైన కార్డులకు ఈ అప్పు 50 డాలరుల వరకు చెల్లును. ధరావతు ఉన్నదే అందులకు పూచీ. మరల సొమ్ము నింపినగాని ఆ కార్డు పనిచేయదు.

ఈ సంగతి వినిపింపగా, “పరాయి ఊరిలో అప్పుతో నిదురపట్టదు” అని అత్తగారు దారిలోని అంగడికి పోయి, తమ కొంగుముడి విప్పి 50 డాలరుల నోటిచ్చి, తామే కార్డు నింపించుకొనిరి. ధరావతుల మాట మావారు మరల ఎత్తలేదు.

మరునాడు అత్తగారు మనుమని వెంటబెట్టుకొని, రెండంతస్తుల ట్రామెక్కిరి. రైలునకు ఎక్కునపుడును దిగునపుడును కార్డు తాకింపవలెను, బస్సునకు ఎక్కునపుడు, ట్రామునకు మాత్రము వెనుకనెక్కి, ముందు దిగునపుడు. మేము తొందరపడి ఎక్కుచునే కార్డు తీయగా, “ఇప్పుడు కాదమ్మా” యని వారే మమ్ము వారించిరి.

కావున విదేశమునకు పోవు సోదరీమణులారా, కార్డులన్నియు ఒకరి జేబులో ఉంచకుడు. వృద్ధుల చేతను, పిల్లల చేతను ఎవరి కార్డు వారికుంచుడు. ప్రతిదినము ప్రొద్దున మిగులు చూచుకొనుడు. బస యున్న స్టేషను పేరు కాగితముమీద వ్రాసి కార్డుతో నుంచుడు. తిరుగు ప్రయాణమున స్టేషనులో కార్డు తిరిగి యిచ్చినచో ధరావతును, మిగిలిన సొమ్మును ఇత్తురు. తొంబది దినములలోపలనే యిచ్చినచో కొంత రుసుము పట్టుకొందురు.

మేము మూడు కార్డులు తిరిగి యిచ్చితిమి. అత్తగారు తమదానిని ఈయలేదు. అది యిప్పుడు వారి తాళముల గుత్తి ప్రక్కన పెట్టెలో నున్నది.