స్క్రబ్బర్ ఎక్కడ బిగిస్తారు?

మొన్న జీఎస్-3 ప్రాక్టీసులో పశుపోషణ, వాయు కాలుష్యంపై ప్రశ్న వచ్చింది. ‘పాకలకు ఎయిర్ స్క్రబ్బర్లు పెట్టి, గాలిలోని అమోనియాను ఎరువుగా మార్చాలి’ అని ధీమాగా రాశాను. ఆ సాయంత్రం మోప్కాలో పాలకు వెళ్లాను. పాకకు పైన రేకులు, నాలుగు పక్కలా గాలి. స్క్రబ్బర్ ఎక్కడ బిగించమంటాను?

ముందు సబ్జెక్టు చూద్దాం. పశువుల మూత్రంలో యూరియా ఉంటుంది. పేడలోని సూక్ష్మజీవుల యూరియేజ్ ఎంజైమ్ దాన్ని అమోనియాగా మారుస్తుంది. ఆ అమోనియా గాలిలో సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి పుట్టే ఆమ్లాలతో కలిసి పీఎం 2.5 అవుతుంది. నెదర్లాండ్స్, జర్మనీలలో చాలా పందుల, కోళ్ల షెడ్లు మూసి ఉంటాయి. ఫ్యాన్లు బయటికి తోసే గాలిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం వస్తుంది.

ఈ లెక్క నోట్ చేసుకోండి: 1 కిలో అమోనియాకు సుమారు 2.9 కిలోల ఆమ్లం పడుతుంది, 3.9 కిలోల అమ్మోనియం సల్ఫేట్ వస్తుంది. అందులో 21 శాతం నత్రజని, 24 శాతం గంధకం.

ఈ రసాయన చర్య మనకు కొత్త కాదు. ఉక్కు కర్మాగారాల్లో కోక్ ఓవెన్ వాయువులోని అమోనియాతో ఇదే ఎరువు చేస్తారు. విశాఖ ఉక్కు ‘పుష్కల’, సెయిల్ ‘రాజా’ అలా వచ్చినవే. రెండు చోట్లా కిటుకు ఒకటే: వాయువు ఒకే దారిలో బయటికి రావాలి.

మోప్కా పాకలో ఆ దారి లేదు. పాలాయన్ను అడిగితే, ‘మధ్యాహ్నం కళ్లు మండుతాయి భయ్యా. మూత్రమంతా కాలువలోకే పోతుంది’ అన్నాడు. నా జవాబులో ఆయన కళ్లూ లేవు, ఆ కాలువా లేదు.

ఇక్కడ అమోనియాను గాలిలో కాదు, నేల మీదే ఆపాలి. వాలుగా గచ్చు, మూత్రానికి వేరే కాలువ, మూత ఉన్న తొట్టి, పేడ వెంటనే ఎత్తడం. ఛత్తీస్‌గఢ్ గోధన్ న్యాయ్ యోజన 2020 జూలై 20న కిలో పేడను 2 రూపాయలకు, 2022 జూలై 28న లీటరు గోమూత్రాన్ని 4 రూపాయలకు కొనడం మొదలుపెట్టింది. అంటే కాలువలో పోయేదానికి ఒక ధర పలికింది.

జవాబు తిరగరాశాను: ఎగ్జాస్ట్ ఫ్యాన్లున్న మూసిన కోళ్ల షెడ్లకు స్క్రబ్బర్, తెరిచిన పాకలకు గచ్చు, కాలువ. ఆమ్లం ఖర్చు, దాన్ని వాడే కూలీ భద్రత కూడా చేర్చాను.

మీరూ ‘వే ఫార్వర్డ్’లో ఏదైనా యంత్రం పేరు రాసేముందు, దాన్ని ఎక్కడ బిగిస్తారో ఒకసారి వెళ్లి చూసి రండి.