ఇంటిపేరు గుత్తి

మన తెలుగువాళ్ళలో చాలామందికి ఇంటిపేర్లు ఊళ్ళపేర్లే. ఏ ముత్తాత నాడో వదిలి వచ్చిన ఊరు, అక్కడి పొలం పోయినా, గోడలు కూలిపోయినా, పేరుకు ముందు ఒక అక్షరమై మన వెంట నడిచి వస్తూనే వుంటుంది. మా ఇంటిపేరూ అల్లాంటిదే. నలభై అయిదేళ్ళు వచ్చినా నేనా ఊరు చూడలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "తమరిది ఆ ఊరేనా?" అని అడిగితే, "అవునండీ, కాదండీ" అని రెండు జవాబులూ కలిపి చెప్పేస్తూ వుంటాను.

సరిగ్గా ఇదే చిక్కు ఒక సాలీడుకు కూడా వున్నదని నిరుడు తెలిసింది.

పరీక్షల రోజుల్లో నాకు జువాలజీ ల్యాబులో డ్యూటీ పడింది. తెలుగు మాస్టరుకు ఆ గదిలో ఏం పని వుంటుంది? పిల్లలు తలలు వంచుకుని రాస్తున్నారు. నేను బీరువాలో సీసాల వంక చూస్తున్నాను. ఒక సీసాలో అరచేయంత నల్లని సాలీడు, కాళ్ళు ముడుచుకుని, తపస్సు చేసుకుంటున్నట్టు కూర్చుని వుంది. పరీక్ష అయిపోయాక మా జువాలజీ లెక్చరరుగారిని అడిగాను, "ఇంత పురుగు మన దేశంలోదేనా?" అని.

"ముందు పురుగు అనడం మానండి మాస్టారూ," అన్నారాయన నవ్వుతూ. "కీటకానికి ఆరు కాళ్ళు. దీనికి ఎనిమిది. ఇది వేరే కొమ్మ."

ఆ సాయంకాలం ఆయన సీసా దింపి, నాకు పాఠం చెప్పారు. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ బెంచీమీద కూర్చున్నాను.

సాలీడు శరీరం రెండే ముక్కలు. ముందుది తలా రొమ్మూ కలిసిపోయిన భాగం. వెనుకది పొట్ట. రెంటికీ నడుమ సన్నని నడుము. ఎనిమిది కాళ్ళూ ముందు భాగానికే అతికి వుంటాయి. కాలికి ఏడేసి కణుపులు. కాళ్ళకు ముందు, నోటికి చెరో పక్కన, కాళ్ళలాంటివే ఇంకో రెండు వుంటాయి. అవి తడిమి చూసే చేతులు. మగదానికి పెళ్ళీడు వచ్చేసరికి ఆ చేతుల చివర చిన్న బుడిపెలు వస్తాయి. వాటి ఆకారం జాతికొక తీరుగా వుంటుంది. శాస్త్రజ్ఞులు ఏది ఏ జాతిదో తేల్చడానికి ముఖ్యంగా చూసేది వాటినే.

టారంటులాలనే ఈ పెద్ద సాలీళ్ళకు మన ఇంట్లో గోడమీది సాలీడుకు లేని గుర్తులు రెండున్నాయి. మొదటిది కోరలు. ఇంటి సాలీడు కోరలు పటకారులాగా అటూ ఇటూ వచ్చి కలుసుకుంటాయి. దీని కోరలు రెండూ పక్కపక్కనే వుండి, గునపం దిగినట్టు పైనుంచి కిందికి దిగుతాయి. రెండోది ఊపిరి. పొట్ట కింద పుస్తకం పుటల్లాగా పొరలు పొరలుగా అమర్చిన ఊపిరితిత్తులుంటాయి. వాటిని పుస్తకాకార ఊపిరితిత్తులనే అంటారట. ఇంటి సాలీళ్ళలో చాలావాటికి అవి రెండే. దీనికి నాలుగు. నాలుగు పుస్తకాలు ఎప్పుడూ వెంట పెట్టుకు తిరిగే ప్రాణి అన్నమాట. మా విద్యార్థులకు చెప్పవలసిన మాటే అనుకున్నాను.

కళ్ళు ఎనిమిది. అన్నీ నెత్తిమీద ఒక చిన్న గుబ్బలో ఇరుక్కుని వుంటాయి. అన్ని కళ్ళున్నా చూపు అంతంతమాత్రమే. లోకాన్ని కాళ్ళమీది వెంట్రుకలతోనే చదువుకుంటుంది. అమెరికా ఖండాల టారంటులాలలో చాలావాటికి పొట్టమీద దురదపుట్టించే వెంట్రుకలుంటాయి. శత్రువు వస్తే వాటిని రాల్చి తప్పించుకుంటాయి. ఆసియా వాటికి ఆ ఆయుధం లేదు. అంచేత ఇవి పరుగుమీదా, కోరలమీదా ఆధారపడతాయి. కరిస్తే మనిషికి నొప్పీ, కండరాలు పట్టెయ్యడమూ తప్పవట.

"ఇక వీటి గోత్రనామాలు వినండి," అన్నారాయన. "కుటుంబం థెరాఫోసిడే. అది గోత్రం అనుకోండి. అందులో ప్రజాతి ఇంటిపేరు. జాతి, పెట్టిన పేరు. ఆసియాలో ఈ గోత్రంవాళ్ళు చాలా ఇళ్ళవాళ్ళున్నారు. బర్మా, మలయా అడవుల్లో నేలలో బొరియలు చేసుకుని బతికేవి ఒక శాఖ. మన పడమటి కనుమల్లో తప్ప మరెక్కడా కనిపించనివి ఇంకో శాఖ. చెట్టు తొర్రల్లో కాపురం చేసేవి పెసిలోథీరియా వారు. ఈ ఇంటివాళ్ళు భారతదేశంలోనూ సింహళంలోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా లేరు. రంగురంగుల మృగం అని ఆ గ్రీకు మాటకు అర్థం. ఆ ఇంట్లో నీలంరంగుది ఒకటుంది. దానికి లోకం పెట్టిన పేరు గుత్తి టారంటులా."

"మన గుత్తే?"

"మన గుత్తే."

టారంటులా అనే మాటే అరువు మాట. ఇటలీలో టారంటో అని ఒక ఊరుంది. ఆ ప్రాంతపు సాలీడు కరిస్తే ఒళ్ళు తెలియకుండా నాట్యం చెయ్యాలని అక్కడివాళ్ళు నమ్మేవారట. ఆ సాలీడు వేరే కుటుంబానిది. పేరు మాత్రం ఓడలెక్కి ఖండాలు దాటి, దానికి చుట్టరికం లేని ఈ పెద్ద సాలీళ్ళకు అంటుకుంది. చూడబోతే వంశం వంశమంతా ఇతరుల ఊరిపేరుతో చెలామణీ అవుతున్నదన్నమాట!

దసరా సెలవులు వచ్చాయి. "గుత్తి వెళ్ళి వస్తాం," అన్నాను ఇంట్లో. మా ఆవిడ అటకకింద బూజు దులుపుతోంది. "కోట చూడ్డానికా?" అన్నది. సాలీడు కోసమన్నాను. బూజుకర్ర నా వైపు చాచి, "దానికి గుత్తిదాకా ఎందుకూ?" అన్నది.

గుత్తి స్టేషనులో దిగి తల ఎత్తితే కొండమీద కోట. మరాఠా వీరుడు మురారిరావు ఏలిన కోట అది. ఆయన తర్వాత హైదరాలీ చేతికి వచ్చింది. దత్తమండలాలవాళ్ళు మున్రోలప్ప అని పిలుచుకున్న థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరా వచ్చి కన్నుమూస్తే, ముందు ఇక్కడే సమాధి చేశారు. కొన్నేళ్ళకు ఆయన అస్థికలను మద్రాసుకు తరలించారు. ఆయన కూడా గుత్తిలో ఆగి వెళ్ళినవాడే.

మేము కోట ఎక్కలేదు. 1899లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సాలీడును వర్ణించి, లోహపు తళుకు గలదని "మెటాలికా" అని పేరు పెట్టాడు. ఆయనకు దొరికింది ఒక్కటే ఒక్క సాలీడు. అది చిక్కిన చోటు గుత్తి రైల్వే కట్టెల యార్డు. ఆ యార్డు ఎక్కడని మేము వాకబు చేశాం. కుర్రవాళ్ళు సెల్‌ఫోనుల్లోంచి తలలెత్తి, తెలియదన్నారు. చివరికి వేపచెట్టు నీడన కూర్చున్న ఒక ముసలాయన పలకరించాడు.

"ఎవురి కోసరం వచ్చినారు సామీ?"

"పాతకాలపు కట్టెల యార్డు ఎక్కడుండేదో మీకేమైనా తెలుసునా పెద్దాయనా?"

"మా నాయన చెప్తాండె. నేను చూడల్యా. కట్టె యాడాడినుంచో రైల్లో వస్తాండెనంట." కాస్సేపాగి, "ఇప్పుడు దాంతో ఏం పని సామీ?" అన్నాడు.

సంగతి చెప్పాం. ఆయన గట్టిగా నవ్వాడు. "కట్టెల్లో పడి వచ్చిన పురుగుకు మా ఊరి పేరు పెట్టిరా!"

శాస్త్రజ్ఞుల ఊహ కూడా అదే. సాలీడు గుత్తిది కాదు. ఏ అడవిలోనో చెట్టు నరికినప్పుడు తొర్రలో వున్నది వున్నట్టుగా దుంగతోపాటు రైలెక్కి వచ్చి వుంటుంది. పోకాక్ తర్వాత నూట రెండేళ్ళపాటు అది మళ్ళీ ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య రిజర్వు ఫారెస్టులో కనిపించింది. గుత్తికి సుమారు వంద కిలోమీటర్లు. 2008 నాటికి దాని సొంత ఇల్లుగా తెలిసింది ఆ ఒక్క చోటే. అదంతా కలిపి వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదు.

మర్నాడు నంద్యాల చేరాం. అటవీశాఖవారి అనుమతి మా లెక్చరరుగారు ముందే సంపాదించారు. నల్లమలలో ఆ రోడ్డు మీద ప్రయాణం ఎంత హాయి అనుకుంటాం గాని, చూసే కన్ను మారితే హాయి తగ్గుతుంది. ముందుసారి వెళ్ళినప్పుడు నాకు పచ్చదనం కనిపించింది. ఈసారి మొదళ్ళు కనిపించాయి. వంటచెరకు కోసం, కలప కోసం నరికిన మొదళ్ళు. "తొర్ర పడాలంటే చెట్టుకు వయసు రావాలి మాస్టారూ," అన్నారు మా వారు. "పదేళ్ళ చెట్లు వెయ్యి నాటినా ఈ సాలీడుకు ఒక్క గది దొరకదు. దానికి ముసలి చెట్లు కావాలి."

చీకటి పడ్డాక ఫారెస్టు వాచరూ, తేనె తీసే ఒక చెంచు పెద్దాయనా ముందు నడిచారు. చాలాసేపు నడిచాం. ఒక ముసలి చెట్టు దగ్గర పెద్దాయన ఆగి, "సారూ, లైటు దానిమీద నేరుగా వెయ్యొద్దు," అన్నాడు గుసగుసగా. టార్చికి గుడ్డ చుట్టి పక్కకు పట్టాం.

తొర్ర అంచున సాలెగూడు, జల్లెడలాంటిది కాదు, తెల్లని గరాటులాంటిది. అందులోంచి రెండు కాళ్ళు బయటికి వచ్చి వున్నాయి. కాళ్ళు నీలం. నెమలికంఠం రంగు అందామా? కాదు. మడత విప్పని పట్టుచీర అంచుమీద దీపం పడితే తళుక్కుమంటుందే, అది. కణుపుల దగ్గర పసుపు చుక్కలు. ఆ నీలం రంగు ద్రవ్యం వల్ల వచ్చింది కాదట. వెంట్రుకల లోపలి అతి సూక్ష్మమైన పొరలమీద వెలుతురు పడి నీలంగా తిరిగివస్తుంది. టారంటులా వంశంలో ఈ నీలం కనీసం ఎనిమిదిసార్లు విడివిడిగా పుట్టిందని 2015లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఎందుకు పుట్టిందో ఎవరి కోసమో, చీకట్లో బతికే ప్రాణికి!

ఎవరో తుమ్మారు. కాళ్ళు మాయమైనాయి. అంతే. మొత్తం అరనిమిషం.

"మీరు దీన్నేమంటారు?" అని పెద్దాయన నడిగాను. ఏదో మంచి మాట దొరుకుతుందని తెలుగు మాస్టరు ఆశ.

"పేరేం పెట్టలేదు సారూ," అన్నాడాయన. "దాన్ని పిలిచే పని మాకు పడలేదు."

తిరిగి వచ్చాక నేను చేసిన పని చెప్పాలి. క్లాసులో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం పాఠం వచ్చింది. "శ్రీ" అంటే సాలీడు గదా! ఇక నా నోరు ఆగలేదు. అడవీ, రాత్రీ, నీలం కాళ్ళూ అన్నీ వర్ణించాను. ఆగకుండా చెట్టు గుర్తులు కూడా చెప్పాను. పక్కన వాగు, ఎదుట రెండుగా చీలిన బండ, రోడ్డుమీది రాయి అంకె. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పదిరోజుల తర్వాత ఫోను. ఎంతో మర్యాదస్తుడి గొంతు. "నమస్కారం మాస్టారూ. మీ విద్యార్థి ఒకరు చెప్పారు. తమరు నీలం సాలీడు చూశారట. ఫోటోలు తీసుకుందామని. వాగు దగ్గరన్నారు, రాయి అంకె అతనికి సరిగా గుర్తులేదట."

నా వెన్ను చల్లబడింది. మా లెక్చరరుగారు చెప్పిన మాటలు జ్ఞాపకం వచ్చాయి. 2001 తర్వాత కొద్ది యేళ్ళకే ఈ సాలీడు ఐరోపాలోనూ అమెరికాలోనూ పెంపుడు ప్రాణిగా అమ్మకానికి వచ్చింది. 2008లో ఇది అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా వున్న జాతుల పట్టీలోకి ఎక్కింది. 2019లో పెసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. ఫోనులో మనిషి నిజంగా ఫోటోల కోసమే అడుగుతున్నాడేమో. తెలియదు. తెలియనప్పుడు ఏం చెయ్యాలి?

"మాస్టారూ, వింటున్నారా? ఆ చోటెక్కడో..."

"పేరులోనే వుంది గదండీ," అన్నాను. "గుత్తి."

"గుత్తిలో ఎక్కడండీ?"

"రైలుస్టేషను దగ్గర. కట్టెల యార్డులో."

ఆయన ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు.

మా ఆవిడ పక్కనే వుంది. "అబద్ధం చెప్పారా?" అన్నది. నేను ఆలోచించి, "అవునూ, కాదూ," అన్నాను. 1899నాటి పుస్తకం ప్రకారం నేను చెప్పింది అక్షరాలా నిజం.

మర్నాడు క్లాసులో పాఠం ఆపి పిల్లల్ని బతిమాలాను, ఆ గుర్తులు మరిచిపొమ్మని. మరిచిపొమ్మని ఒక మాస్టరు క్లాసును వేడుకోవడం అదే మొదటిసారి కాబోలు. వాళ్ళు నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, "నోట్సులో రాసుకున్నది కొట్టేశాను సార్," అన్నది.

మొన్న వాచరు ఫోను చేశాడు. చెట్టు వుందట. సాలీడు సంగతి అడిగితే, "తొర్రలో తెల్లగా గూడు కనపడుతోంది సార్, లైటు మాత్రం వెయ్యలేదు," అన్నాడు.